ఖాళీ షెడ్డు చూస్తే ఆగిపోయే మా బావ

మొన్న మా షెడ్డుకు ఒక కుర్రాడు వచ్చాడు. ఏదో కన్సల్టెన్సీ వాళ్ళు పంపారట. మెడలో ఐడీ కార్డు, చంకలో లాప్‌టాప్. రేకు కోసే మిషను చప్పుడు మధ్యలోనే కుర్చీ లాక్కుని కూర్చుని, "సార్, మీ కూలర్లకి మార్కెట్లో మంచి పేరుంది. ఇంకా ఈ ఒక్క షెడ్డు దగ్గరే ఆగిపోతే ఎలా సార్? ఎదగాలి కదా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అతను పుట్టకముందు నుంచీ ఆ మాట నేను వింటున్నాను. పొద్దున కాఫీతో వినేవాణ్ణి, మధ్యాహ్నం అన్నంలో కలుపుకుని వినేవాణ్ణి, స్కూటరు వెనక కూర్చుని వినేవాణ్ణి. ఆ మాట అనే మనిషి పోయి ఏడాది దాటింది. హమ్మయ్య అనుకునే లోపల లాప్‌టాప్ పట్టుకుని ఇంకొకడు తయారు. మంచినీళ్ళిచ్చి, "చూద్దాం బాబూ" అని పంపేశాను. మా బావ బతికుంటే అతన్ని అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. బత్తాయి రసం తెప్పించి, ఊరేదో, నాన్న ఏం చేస్తాడో కనుక్కుని, సాయంత్రానికి స్కూటరెక్కించుకుని ఇంకో షెడ్డు చూపించడానికి తీసుకుపోయేవాడు.

బావ అంటే మా అక్క భర్త. ఆటోనగర్‌లో కూలర్లు చేసేవాడు. ఇప్పుడు బజార్లో దొరికే ప్లాస్టిక్ బొమ్మల్లాంటివి కావు. రేకుతో చేసిన నిలువెత్తు కూలర్లు. మూడు పక్కలా గడ్డి మెత్తలు, కింద నీళ్ళ తొట్టి, అందులో చిన్న పంపు, ముందు పెద్ద ఫ్యాను. బెజవాడ ఎండలో మధ్యాహ్నం పూట ఆ కూలరు ముందు కూర్చున్నవాడు లేవమన్నా లేవడు. బావకి రేకు మీద ఎంత పట్టుండేదంటే, వేలి కణుపుతో ఒక్కటి కొట్టి మందం చెప్పేవాడు. డీలరు కొట్టుకు వెళ్తే చెయ్యి కడుక్కున్నంత మామూలుగా ఒక పని చేసేవాడు. నడుస్తున్న కూలరు కింద దినపత్రిక ఒకటి పరిచి, టీ తాగి, కబుర్లు చెప్పి, వెళ్ళేటప్పుడు ఆ కాగితం లాగి చూపించేవాడు. పొడిగా ఉండేది. "మా కూలరు కింద నేల తడవదండీ," అనేవాడు. అంతే. అంతకుమించి అమ్మకం మాటలు చెప్పడం ఆయనకి రాదు.

అక్కడితో ఆగి ఉంటే నేనివాళ ఇలా రాయాల్సిన పని ఉండేది కాదు.

నేను బీకాం చదివి, ఎరువుల కంపెనీలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో, "ఎవడి లెక్కలో నువ్వెందుకురా రాయడం? వచ్చి మన లెక్కలు రాయి," అని లాక్కొచ్చాడు. వచ్చాక తెలిసింది, ఆయన దగ్గర లెక్కలుండవు, ఆలోచనలుంటాయి. వాటిని కాగితం మీద కూడా పెట్టేవాడు కాదు. చాక్‌పీసు తీసుకుని కొత్త రేకు మీద గీసేవాడు. ఇక్కడ మన షెడ్డు, ఇక్కడ రెండో షెడ్డు, ఇది గుంటూరు, ఇది రాజమండ్రి, ఈ గీత హైవే. సాయంత్రానికి మా మేస్త్రి ఆ రేకునే కోసి కూలరు తలుపు చేసేసేవాడు. రాజమండ్రి ఎవరింటి హాల్లో ఉందో ఏమో ఇప్పుడు.

ఆయనతో స్కూటరు మీద వెళ్ళడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. నడిపేది కళ్ళతో కాదు, గోడల మీది బోర్డులతో. 'అద్దెకు ఇవ్వబడును' అని ఎక్కడైనా కనబడిందా, కాలు బ్రేకు మీద పడేది. వెనకున్న నా ముక్కు ఆయన వీపుకి కొట్టుకునేది.

"చూశావా? ఖాళీగా ఉంది," అనేవాడు.

"ఉంటే?"

"ఖాళీగా ఉందంటే మనకోసమే ఉన్నట్టురా."

ఒకసారి గన్నవరంలో మా పెదనాన్న పోతే పలకరింపుకి వెళ్తున్నాం. అక్క ఆటోలో ముందు వెళ్ళిపోయింది. దారిలో ఒక గోడౌను కనబడింది. దిగాడు. షట్టరు సందులోంచి లోపలికి తొంగి చూశాడు. పక్క కొట్టులో ఓనరు ఫోను నంబరు కనుక్కున్నాడు. మేం వెళ్ళేసరికి శవాన్ని తీసేశారు. అక్క నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, తప్పు నాదైనట్టు. "ఏం చెప్పనక్కా, గోడౌను," అన్నాను. ఆమెకింకేం చెప్పక్కర్లేదు.

ఆగమని ఎప్పుడంటే అప్పుడు ఒకటే సమాధానం. "ఆగితే తుప్పు పట్టుద్దిరా." రేకుతో బతికినవాడు కాబట్టి ఆ మాట ఆయన నోట్లో ఎంతో సత్యంలా వినిపించేది. రేకు తుప్పు పట్టేది ఆగినందుకు కాదని, నీళ్ళు తగిలినందుకని చెబుదామనుకునేవాణ్ణి. లాభం లేదు.

మొదటి తిప్పలు బీరువాలతో వచ్చాయి. కూలర్లు చేసే చేతులు బీరువాలు చెయ్యలేవా అన్నాడు. చేస్తాయి. కాకపోతే పెళ్ళిళ్ళూ, ఎండలూ ఒకేసారి వస్తాయి. మాఘమాసం వచ్చేసరికి మా మనుషులందరూ బీరువాల మీద పడ్డారు. శివరాత్రికి డీలర్లు ఫోన్లు. నూజివీడు నుంచి ఒకాయన, గుడివాడ నుంచి ఒకాయన, "ఎండలు మొదలయ్యాయండీ, సరుకేదండీ?" అని. బావ ఎవరికీ లేదనలేదు. ఆయన నోటికి ఆ మాట తిరగదు. "పంపిస్తున్నానండీ, దారిలో ఉంది," అనేవాడు. దారిలో ఏముంది? రంగు వెయ్యని రేకు ముక్కలు మా షెడ్డు నేల మీదున్నాయి. ఆ డీలర్లు చివరికి నాకు ఫోను చేసి తిట్టేవారు. తిట్లు తినడానికే నన్ను ఎరువుల కంపెనీ నుంచి తెచ్చుకున్నాడని ఆ ఏడాది అర్థమైంది.

తర్వాత గుంటూరు బ్రాంచి. దాని మీద నా అభ్యంతరం దూరం గురించి కాదు. అక్కడ కూర్చోబెట్టిన మనిషి గురించి. బావకి పెత్తల్లి మనవడొకడు ఉండేవాడు. "మనవాడు, ఖాళీగా ఉన్నాడు," అన్నాడు బావ. ఖాళీ అన్న మాట వినబడితే చాలు, షెడ్డయినా మనిషయినా ఆయనకి ఒకటే. ఆ మనవాడు మధ్యాహ్నం పన్నెండింటికి కొట్టు మూసి, నాలుగింటికి తెరిచేవాడు. అడిగితే, "ఎండ మాడిపోతోంది బాబాయ్, ఎవరొస్తారు?" అన్నాడు. కూలర్లు కొనేవాడు ఎండలో కాక ఎప్పుడొస్తాడు? నేను తల బాదుకున్నాను. బావ నవ్వాడు. "నేర్చుకుంటాడ్లేరా. మనం మాత్రం పుడుతూనే నేర్చుకున్నామా?" అన్నాడు. వాడు నేర్చుకోలేదు. కాకపోతే కొట్టులో ఉన్న కూలరు వేసుకుని హాయిగా నిద్రపోయేవాడని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. నేల మాత్రం తడవలేదట.

ఇవన్నీ చిన్న తిప్పలు. వీటికి మేం మునిగిపోలేదు. మునిగేంత పని హైదరాబాదు వాళ్ళతో వచ్చింది.

వాళ్ళకి చాలా ఊళ్ళలో పెద్ద పెద్ద షాపులు. పేరెందుకులెండి. ఒక సంక్రాంతి వెళ్ళాక తెల్ల కారులో ఒకాయన దిగాడు. సెంటు వాసన గేటు దగ్గర్నుంచే కొట్టింది. మా కూలరును అటు తిప్పి, ఇటు తిప్పి, తలుపు తీసి, మూసి, "సర్, మీరు ఎన్ని చేస్తే అన్నీ మాకే. మా స్టిక్కర్ వేసుకుంటాం," అన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. పిల్లాడికి బడిలో మొదటి బహుమతి వచ్చినట్టుంది ఆ ముఖం. ఆ ఒక్క క్షణం నాకూ సంతోషమేసింది, అబద్ధం చెప్పను. రేకు మీద గీసిన గీతలన్నీ ఎవరో వచ్చి చూశారనిపించింది.

కారు వెళ్ళాక అడిగాను. "బావా, మొదటి విడతకే ఆర్డరు కాగితం ఇచ్చారు. మిగతాదానికి?"

"ఇస్తారు."

"ఎప్పుడు?"

"మొదటి విడత చూశాక ఇస్తారు. అంత పెద్దవాళ్ళు మాట తప్పుతారా?"

"మరి మన డీలర్లు?"

"వాళ్ళెక్కడికి పోతార్రా? మనవాళ్ళేగా. ఈ ఒక్క ఏడూ సర్దుకుంటారు."

మనవాళ్ళు సర్దుకోవాలి, బయటివాళ్ళకి పరుపు వెయ్యాలి. వ్యాపారంలో బావ నీతి ఇదే. పెళ్ళిలో కూడా సొంతవాళ్ళు చివరి బంతిలో తింటారు కదా, అలాగనుకున్నాడేమో.

ఆటోనగర్ షెడ్డు చాలదని కొండపల్లిలో ఇంకో షెడ్డు తీసుకున్నాడు. అది మాత్రం స్కూటరు మీద కనబడింది కాదు, వెతికి వెతికి తీసుకున్నదే. కొత్త మనుషుల్ని పెట్టాడు. పొద్దున ఆటోనగర్, మధ్యాహ్నం కొండపల్లి, మళ్ళీ సాయంత్రం ఆటోనగర్. భవానీపురం దాటి వెళ్ళొచ్చే ఆ ట్రాఫిక్‌లోనే ఆయన రోజంతా అయిపోయేది. ఇక్కడ ఉంటే అక్కడి ఫోను, అక్కడ ఉంటే ఇక్కడి ఫోను. రేకుని వేలితో కొట్టి చూసే తీరిక పోయింది. మా మేస్త్రిని కొండపల్లికి పంపుదామన్నాను. "వాడు లేకపోతే ఇక్కడెలా?" అన్నాడు. పోనీ నువ్వొక చోటే ఉండు అన్నాను. "నేను లేకపోతే అక్కడెలా?" అన్నాడు. ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను చెప్పాను. నేను చెప్పింది లెక్కలోకి రాదు.

కొండపల్లి నుంచి వచ్చిన మొదటి సరుకులో ఒక కూలరును నేనే నడిపించి చూశాను. కాసేపటికి నా చెప్పు తడిసింది. వంగి చూస్తే తొట్టి అతుకు దగ్గర సన్నగా నీళ్ళు. బావని పిలిచి చూపించాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆ అతుకు మీద బొటనవేలు పెట్టి, అలాగే చాలాసేపు ఉండిపోయాడు. లేచి, "ఇది పక్కన పెట్టండి," అన్నాడు. ఒకటి పక్కన పెట్టాం. మిగతావి లారీ ఎక్కేశాయి.

ఆ ఏడు ఏప్రిల్లో వాన పట్టుకుంది. ఎండలు ముదరాల్సిన వేళ బంగాళాఖాతంలో అల్పపీడనం. అది తగ్గిందనుకుంటే ఇంకొకటి. బందరు నుంచి బెజవాడ దాకా జనం దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. మామిడి రైతులు ఏడ్చారు, ఆరబెట్టిన మిరపకాయలు తడిసి గుంటూరు వైపు వాళ్ళూ ఏడ్చారు, మేమూ ఏడ్చాం. హైదరాబాదు ఆయన మొదటి విడత తీసుకున్నాడు. రెండో విడతకి ఫోనెత్తడం మానేశాడు. ఆ తర్వాత తొట్టెలు కారుతున్నాయని కొన్ని తిప్పి పంపారు. తిప్పి పంపిన వాటి మీద స్టిక్కరు వాళ్ళదే. చూసినప్పుడల్లా నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

కొండపల్లి షెడ్డులో నడవడానికి దారి లేదు. ఎటు చూసినా కూలర్లు. పైకప్పు మీద వాన చప్పుడు. కింద మిషను ఇంకా రేకు కోస్తూనే ఉంది.

"బావా, చాలు. ఇవాళ్టి నుంచి కొయ్యడం ఆపేద్దాం," అన్నాను.

"రేకు వచ్చేసిందిగా. దాన్నేం చేస్తాం?"

"అలాగే ఉంచుదాం. రేకు రేకులా ఉంటే రేపు ఎవరైనా కొంటారు. కూలరయ్యాక ఈ వానలో ఎవడు కొంటాడు?"

"వానెన్నాళ్ళుంటదిరా? ఆగుద్ది. ఆగాక ఉక్కపోస్తది చూడు, జనం మన గేటు ముందు వరస కడతారు."

"ఏ జనం? మనకి డీలర్లెక్కడున్నారు బావా? అందర్నీ పొమ్మన్నాంగా!"

"పొమ్మన్లేదురా," అన్నాడు, నిజంగా నొచ్చుకుని. "తర్వాత రమ్మన్నాను."

ఆ మనిషితో ఏం మాట్లాడతాం? నేను మిషను దగ్గరికి వెళ్ళి స్విచ్చి ఆపేశాను. ఆయన అడ్డు రాలేదు. మళ్ళీ వెయ్యనూ లేదు. మిషను ఆగిన తర్వాత వాన చప్పుడు ఇంకా పెద్దగా వినబడింది.

అంతటితో బుద్ధి వచ్చిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఇంటికి భోజనానికి రమ్మన్నాడు. అక్క వడ్డిస్తోంది. బావ హుషారుగా ఉన్నాడు. ఒడిశాలో ఎండలు మండిపోతున్నాయట. బరంపురంలో ఒక గోడౌను ఖాళీగా ఉందట. సరుకంతా లారీలకెత్తి అక్కడికి చేరిస్తే చాలట. దానికి కావలసిన అప్పుకి బ్యాంకు వాళ్ళు ఇల్లు హామీ అడిగారట. ఇల్లు అక్క పేరు మీద ఉంది. మా నాన్న ఇచ్చిన స్థలంలో కట్టింది.

"రేపు పది గంటలకి బ్యాంకుకి వెళ్ళాలి, రెడీగా ఉండు," అన్నాడు అక్కతో.

"పెట్టను," అంది అక్క.

"ఏంటి పెట్టవు?"

"సంతకం." అక్క గొంతు పెరగలేదు. "ఇన్నాళ్ళూ ప్రతిదానికీ మీ వెనక నడిచాను. దీనికి మాత్రం నడవను. దోసకాయ పప్పు ఇంకొంచెం వేసుకుంటారా?"

బావ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు. కాసేపటికి, "వెయ్యి," అన్నాడు. పప్పు వేసింది. తిన్నాడు. చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఈ మనిషి మీద నాకు ఎంత కోపమున్నా, ఆ తర్వాత ఆయన చేసిన పని చెప్పకపోతే అన్యాయం. మర్నాడు పొద్దున్నే తనే కొండపల్లి వెళ్ళి ఓనరుతో మాట్లాడి షెడ్డు వదిలేస్తున్నట్టు చెప్పాడు. నన్ను పంపలేదు. కొత్తగా పెట్టుకున్న మనుషుల్ని ఊరికే పొమ్మనలేదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లున్నాయి కదా, ఆ వానలో ఒక్కో షెడ్డు మెట్లెక్కి, "మంచి కుర్రాళ్ళండీ, చెయ్యి బాగుంటది, తీసుకోండి," అని అడిగి, ఒక్కొక్కర్నీ ఒక్కో చోట కుదిర్చాడు. వెల్డింగు అంత బాగుండని ఇద్దరు మిగిలితే వాళ్ళకి దగ్గర కూర్చుని నేర్పించి మరీ పంపాడు. ఆ నేర్పేదేదో కూలర్లు చెయ్యకముందు నేర్పి ఉంటే అని నేను పళ్ళు నూరుకున్నాను. గుంటూరు కొట్టు మూశాం. బీరువాల సంగతి ఎత్తలేదు.

ఇక పాత డీలర్ల దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళలో ముఖ్యమైనవాడు బందరాయన. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. తండ్రి నాటి నుంచి ఫ్యాన్లు, కుక్కర్లు, మా కూలర్లు అమ్మే కొట్టు. బావ కూలరు కింద కాగితం పరిచిన మొట్టమొదటి కొట్టు అదేనట. అలాంటి మనిషికి ఆ ఏడు ఒక్క కూలరూ ఇవ్వలేదు.

నన్ను వెంటబెట్టుకుని బస్సులో బందరు వెళ్ళాడు. కొట్టులోకి వెళ్ళేసరికి భాయ్ లేచి నిలబడి, కుర్చీలు వేయించి, టీ చెప్పాడు. ఆ మర్యాదకే నాకు భయమేసింది. కోపంగా ఉన్న మనిషయితే తిట్టి ఊరుకుంటాడు. గోడ పక్కన వరసగా వేరే వాళ్ళ కూలర్లున్నాయి.

"మీరు పెద్దవాళ్ళయిపోయారు అన్నగారూ," అన్నాడు భాయ్. "హైదరాబాదు షాపులకి ఇస్తున్నారట. సంతోషం. మా చిన్న కొట్టుతో మీకేం పని?"

బావ గ్లాసు కింద పెట్టాడు. "తప్పయిపోయింది భాయ్," అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. నేనెన్నిసార్లు నిలదీసినా, 'చూద్దాంలే', 'అదే సర్దుకుంటది' తప్ప ఇంకోటి వచ్చేది కాదు.

"మీకు తర్వాత ఇస్తానన్నాను. మీకే ముందు ఇవ్వాల్సింది. ఇచ్చేవాణ్ణి కాబట్టి ఎప్పుడిచ్చినా తీసుకుంటారనుకున్నాను. కొట్టుకొచ్చినవాళ్ళకి మీరేం సమాధానం చెప్పారో ఆలోచించలేదు."

భాయ్ తన గ్లాసు పక్కకి జరిపాడు. "ఏం చెప్తామండీ," అన్నాడు. "వస్తాయి, దారిలో ఉన్నాయి అని చెప్పాం. మీరు మాకు చెప్పిందే."

నాకు మనసు కరిగిపోయింది. ఇక లేచి దండం పెట్టి వచ్చేస్తే ఆ రోజుకి అంతే చాలు. బావ లేచాడు కూడా. లేచి, గుమ్మం దగ్గర ఆగి, తల పైకెత్తి చూశాడు.

"పైన అంతస్తు ఖాళీగా ఉంచారేంటి భాయ్?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"మెట్లు బయటి నుంచే ఉన్నాయిగా. పైన ఫ్యాన్లూ, మిక్సీలూ పెట్టుకుంటే కిందంతా..." బావ చెయ్యి అప్పటికే జేబులో చాక్‌పీసు కోసం వెతుకుతోంది.

భాయ్ పగలబడి నవ్వాడు. కుర్చీ పట్టుకుని మరీ నవ్వాడు. "మీరు మారరు అన్నగారూ! మీ షెడ్లు అయిపోయాయి, ఇక మా కొట్టు మీద పడ్డారా?" అన్నాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగాడు. "వచ్చే ఏడు నాకు కావలసినన్ని దసరాకే చెప్తాను. చెప్పినన్నే పంపండి. చెప్పిన టైముకి పంపండి. మాట మీరివ్వండి, ఆయన వద్దు."

మాటిచ్చాను. బస్సెక్కాక, "బావా, సిగ్గుందా నీకు?" అని అడిగాను. "ఏంట్రా, మంచి స్థలమేగా," అన్నాడు. మరుసటేడు భాయ్ నిజంగానే పైన మిక్సీల కొట్టు పెట్టాడు. బాగానే నడుస్తోంది. ఇన్నేళ్ళలో మా బావ చెప్పిన విస్తరణల్లో నిలబడింది అదొక్కటే, అదీ ఇంకొకరిది.

ఆ తర్వాత మేం ఒక్క షెడ్డుతోనే బతికాం. డీలర్లు దసరాకి చెప్తారు, మేం సంక్రాంతికి మొదలుపెడతాం, చెప్పినన్నే చేస్తాం. కొంచెం మిగులుంచుకుంటాం, వాన పడితే తట్టుకోడానికి. మిగిలిపోయిన కొండపల్లి కూలర్లకి బావ తనే కూర్చుని తొట్టెలు విప్పి, అతుకులు మళ్ళీ వేసి, ఒక్కోటీ నడిపి చూసి అమ్మాడు. కొత్త ఆలోచనలు మాత్రం ఆగలేదు. సోలారు కూలరన్నాడు, స్కూళ్ళకి బెంచీలన్నాడు, ఆస్పత్రి మంచాలన్నాడు. నేను వద్దనేవాణ్ణి. ఆయన "సరేలే" అని సోంపు నోట్లో వేసుకునేవాడు. వద్దనీ వద్దనీ నా నోరు నొప్పెట్టేది.

ఒక మే నెల మధ్యలో ఎండ నిప్పులు చెరుగుతోంది. సరుకు మొత్తం అయిపోయింది. ఏలూరు నుంచి ఎవరో కొత్త డీలరు ఫోను చేశాడు. బావే ఎత్తాడు. వెంటనే కూలర్లు కావాలట, చాలా కావాలట, ఎంతన్నా ఇస్తాడట. నేను బల్ల ఇవతల నుంచి ఆయన ముఖమే చూస్తున్నాను. రేకు తెప్పిస్తానంటాడు, రెండో షిఫ్టు అంటాడు, అనుకుంటూ లేవబోయాను.

"కూలర్లు లేవండీ," అన్నాడు బావ ఫోనులో. "అయిపోయాయి. వచ్చే ఏటికి ముందే చెప్పండి, చేసి పెడతాం." ఫోను పెట్టేసి, వేపపుల్ల నమిలినవాడిలా ముఖం పెట్టి, "దీనికంటే షెడ్డు మూయడమే తేలికరా," అన్నాడు.

కిందటేడు వానాకాలం మొదట్లో, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసిన మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. బందరు నుంచి భాయ్, గుడివాడ, నూజివీడు డీలర్లు అందరూ వచ్చారు. ఎవరికి వాళ్ళు తమ కొట్టు గురించి ఆయన ఏం సలహా ఇచ్చాడో చెప్పుకున్నారు. ఒకరు గోడ పడగొట్టమన్నాడని, ఒకరు పక్క కొట్టు కొనమన్నాడని. దినం రోజున కూడా ఆ పందిట్లో నవ్వులు ఆగలేదు.

దసరా వెళ్ళాక ఒక పొద్దున అక్క షెడ్డుకి వచ్చింది. బావ కుర్చీలో కూర్చుంది. ఇంట్లో పొద్దు పోవట్లేదేమో, నాలుగు రోజులు కూర్చుని వెళ్తుందిలే అనుకున్నాను. రోజూ వచ్చింది. డీలర్లు సరుకు చెప్పడానికి ఫోను చేస్తే, "ఒకసారి అందరూ షెడ్డుకే భోజనానికి రండి," అని పిలిచింది. వచ్చారు. వడ్డిస్తూ ఒక్కొక్కర్నీ అడిగింది, జనం కొట్టుకొచ్చి ఏం అడుగుతున్నారు, ఏం లేదని వెళ్ళిపోతున్నారు అని. చప్పుడు తక్కువ కూలరు కావాలంటున్నారని భాయ్ చెప్పాడు. గుడివాడ ఆయన, "మా వైపు గేదెల షెడ్లకి పెద్ద కూలర్లు అడుగుతున్నారమ్మా. ఎండకి పాలు తగ్గిపోతున్నాయట," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక అక్క మేస్త్రిని పిలిచి గేదెల షెడ్డుకి ఎంత పెద్ద కూలరు కావాలో అడుగుతోంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"అక్కా, నువ్వు కూడా మొదలెట్టావా?"

"మొదలెట్టలేదురా. అడిగాను. పది చేద్దాం. మన రేకుతో, మన మనుషులతో, డీలర్లకి ఇవ్వాల్సినవి ఇచ్చేశాక. ఒక ఎండాకాలం నడవనీ. ఏం చెప్తారో విని, అప్పుడు చూద్దాం."

అందులో తప్పు పట్టడానికి ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. దాంతో ఇంకా చిరాకేసింది.

"ఇంత తెలిసినదానివి, ఇన్నేళ్ళూ బావకి ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్పలేదని ఎవరన్నారు?" అంది అక్క. "బీరువాలప్పుడు చెప్పాను. గుంటూరప్పుడు చెప్పాను. హైదరాబాదు వాళ్ళొచ్చినప్పుడు నీకంటే ముందే చెప్పాను. మీ బావంత చక్కగా వినే మనిషిని నేను చూళ్ళేదురా. తలూపేవారు. 'నిజమేనే' అనేవారు. 'నీకున్న బుర్ర నాకు లేదే' అనేవారు. అని, పొద్దున్నే లేచి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వెళ్ళి తను అనుకున్నదే చేసొచ్చేవారు."

అంటూనే నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. సగం నవ్వులో కళ్ళు నిండిపోయాయి. కొంగు తీసి అద్దుకుంటూ కూడా నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాం?

మేస్త్రి గొంతు సవరించుకుని, "ఎన్ని కొయ్యమంటారమ్మా?" అన్నాడు.

"పది," అంది అక్క. ముక్కు తుడుచుకుని, నా వైపు చూసి, మళ్ళీ అతనితో అంది. "పదే."